సుత్తె కంటే ముందు కన్ను

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ నుంచి ముంగేలి వెళ్ళే దారిలో, మనియారీ నది ఒడ్డున ఉంటుంది తఖత్‌పూర్. అలాంటి ఊళ్ళో ఎవరైనా సొంతంగా కత్తి చేయడం నేర్చుకోవాలనుకుంటే ఉక్కు కోసం వెతుక్కోనక్కర్లేదు. పాత ఇనుము కొట్లో లారీ కమాను పట్టీ ఒక్కటి కొంటే నాలుగైదు కత్తులకు సరిపోతుంది. అరిగిపోయిన పెద్ద ఆకురాయి దొరికితే ఇంకా మంచిది, మేలు రకం ఆకురాళ్ళలో కార్బన్ ఒక శాతం దాటి ఉంటుంది. పక్కనే పెద్ద రైల్వే ఊరు ఉంది కదా అని కొందరి చూపు ముందు పట్టాల మీదికి పోతుంది. అది వద్దు. స్లీపరు మేకుల్లో కార్బన్ తక్కువ, ఎంత కాల్చి ముంచినా అంచు నిలవదు. పైగా రైల్వే సామాను ఎలా వచ్చిందో చెప్పలేకపోతే 1966 నాటి చట్టం కింద కేసు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరిగిన తెలుగు పిల్లలకు ఈ రెండో సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఉక్కు, పటకారు, సుత్తె, దాగలిగా పనికొచ్చే ఇనప దిమ్మె, ఒక చిన్న కొలిమి. ఇంత సమకూరాక ఇక కొట్టడమే మిగిలిందనుకుంటారు కొత్తవాళ్ళు. కొట్టడం చేయి అలవాటు పడితే వచ్చేస్తుంది. రానిది, త్వరగా పట్టుబడనిది నిప్పు.

కొలిమిలోంచి తీసిన ఉక్కు నారింజ రంగులో ఉన్నప్పుడు సుత్తె మాట వింటుంది. మసక ఎరుపుకు దిగాక కూడా కొడుతూ పోతే లోపల పగుళ్ళు మొదలవుతాయి. తెల్లగా మెరిసి నిప్పురవ్వలు చిమ్మిందంటే అప్పటికే కాలిపోయింది, ఆ ముక్క ఇక దేనికీ పనికిరాదు. ఎండలో ఈ రంగులు కనబడవు. కమ్మరి కొలిమి ఎప్పుడూ నీడపట్టున, చీకటి మూలన ఉండేది అందుకే. కొట్టడంలో ఉన్న ఒకే ఒక్క చిక్కు కూడా చెప్పేస్తాను. అంచు వైపు పల్చబడేలా కొడుతుంటే ఆ వైపు లోహం సాగి, కత్తి వెన్ను వైపుకు వంగిపోతుంది. తెలిసినవాడు పని మొదలుపెట్టకముందే కడ్డీని ఎదురు వైపుకు కొంచెం వంచి పెట్టుకుంటాడు, కొడుతున్నకొద్దీ అదే నిటారుకు వస్తుంది.

అసలు కథ ఆ తర్వాత. ఆకారం వచ్చిన కత్తి ఇంకా కత్తి కాదు, మెత్తటి ఇనప రేకు. దాన్ని మూడు సార్లు ఎర్రగా కాల్చి, నీళ్ళు తగలకుండా గాలికి చల్లారనివ్వాలి. సుత్తె దెబ్బలకు లోపల చెదిరిన అమరిక దీంతో సర్దుకుంటుంది, ముతకబారిన కణాలు సన్నబడతాయి. ఓపిక లేనివాళ్ళు వదిలేసే మెట్టు ఇదే, కత్తి విరిగేది కూడా ఎక్కువగా ఇక్కడే. అంచును ఈ దశలో పదునుగా సాన పట్టకూడదు. రూపాయి బిళ్ళంత మందం ఉంచాలి, లేకపోతే ముంచినప్పుడు అలలు తిరుగుతుంది.

ఇక పాయనం, అంటే కాల్చి ముంచి గట్టిపరచడం. తగినంత వేడిలో ఇనుములో కార్బన్ కరిగి కలిసిపోతుంది. హఠాత్తుగా చల్లబరిస్తే బయటికి రాలేక లోపలే ఇరుక్కుంటుంది, ఆ ఇరుకే గట్టిదనం. ఆ వేడి ఎంతో తెలుసుకోవడానికి ఒంటరిగా నేర్చుకునేవాడికి ఒక చవకైన తోడు ఉంది. ఉక్కు సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అతుక్కోవడం మానేస్తుంది. ఆ పైన ఇంకొంచెం కాల్చి ముంచాలి. కమాను పట్టీ ఉక్కుకు గోరువెచ్చటి నూనె కావాలి, నీళ్ళలో వేస్తే పగులుతుంది. నూనె అంటుకుంటే మూయడానికి ఇనప మూత పక్కనే ఉంచుకోవాలి. ముంచి తీశాక ఆకురాయితో అంచు మీద గీసి చూడాలి. జారిపోతే గట్టిపడింది, కరిస్తే పని మళ్ళీ మొదటికి.

ఇలా గట్టిపడిన కత్తి గాజులా పెళుసు. ఇక్కడ ఊరి కమ్మరి చేసే పని నాకు అన్నిటికంటే ఇష్టం. ఆయన కత్తి మొత్తాన్ని ముంచడు. అంచు వైపు కొద్ది మేర ముంచి తీసి, రాతి ముక్కతో అక్కడి మసి గబగబా గీకేస్తాడు. తెల్లగా బయటపడ్డ లోహం మీదికి వెన్నులో మిగిలిన వేడి పాకుతూ వస్తుంది. ముందు లేత గడ్డి రంగు, ఆ తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం. ఉక్కు మీద గాలికి ఏర్పడే పొర మందం మారుతున్నకొద్దీ కనబడే రంగులివి. గడ్డి రంగంటే 200 డిగ్రీలు దాటింది, నీలమంటే సుమారు 300. కూరలు తరిగే కత్తికి గడ్డి రంగు దగ్గర ఆపుతాడు. దెబ్బలు తినే గొడ్డలికైతే ఊదా దాకా రానిచ్చి, అప్పుడు మొత్తం ముంచేస్తాడు. అంచు గట్టిగా, వెన్ను మెత్తగా, రెండు గుణాలూ ఒకే కాల్పులో. ఇంటి దగ్గర నేర్చుకునేవాడు వంటింటి ఓవెన్‌ను 200 డిగ్రీల దగ్గర పెట్టి రెండేసి గంటలు, రెండు సార్లు కాల్చుకోవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు, అంచు బాగా నిలుస్తుంది కూడా. కానీ కమ్మరి కంటికి వచ్చిన చదువు ఓవెన్ డయలు మీద రాదు.

ఆ చదువు ఎంత లోతుదో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం చెబుతుంది. అక్కడ ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూతి మూసి, గంటల తరబడి తిత్తులు ఊది కరిగించేవారు. దొరికిన ఉక్కు ముద్దలను మళ్ళీ మట్టి పూసి నిదానంగా కాల్చి మెత్తబరిచేవారు. సర్వే శాఖలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన హెన్రీ వాయ్‌సీ ఇదంతా చూసి రాశాడు. ఆయన పోయిన ఎనిమిదేళ్ళకు, 1832లో, బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అది అచ్చయింది. ఇస్ఫహాన్ వ్యాపారులు అంత దూరం నుంచి వచ్చి ఈ ముద్దలు కొనుక్కుపోయేవారు. నీటి అలల్లాంటి గీతలుండే డమాస్కస్ కత్తులు ఇలాంటి ఉక్కుతోనే తయారయ్యాయి.

ఐరోపా శాస్త్రవేత్తలు దీని వెంట పడ్డారు. జార్జ్ పియర్సన్ 1795లో రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు, కొన్నేళ్ళ తర్వాత మైకేల్ ఫారడే ప్రయోగాలు చేశాడు. అక్కడి కమ్మరులు మాత్రం తమకు అలవాటైన తెల్లటి వేడిలో కొట్టబోతే ముద్ద ముక్కలుముక్కలైంది. ఒకటిన్నర శాతం దాకా కార్బన్ ఉన్న ఈ ఉక్కు అంత వేడికి ఓర్చుకోదు. తక్కువ ఎరుపులో, ఓపికగా, చిన్న దెబ్బలతో సాగదీయాలి. బలం తగ్గించి నిప్పు తగ్గించడం తెలిసినవాళ్ళకే అది లొంగింది.

మన దగ్గర కొలుములు చల్లారాక ఆ విద్యకు వారసులు మిగల్లేదు. దాన్ని మళ్ళీ పట్టుకున్నవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సినవాడు ఫ్లోరిడాలో గుర్రాలకు నాడాలు కొట్టే ఆల్ఫ్రెడ్ పెండ్రే. అయోవా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ వెర్‌హోవెన్‌తో కలిసి ఏళ్ళ తరబడి ముద్దలు పోసి, కొట్టి, కోసి చూశాడు. 1998లో వాళ్ళు ప్రచురించిన సంగతి ఇది: ఆ అలలు రావడానికి వెనేడియం వంటి మలినాలు అతి సూక్ష్మంగా, 0.003 శాతం దగ్గర ఉన్నా చాలు, కాల్చి చల్లార్చే చక్రాలు మాత్రం పదేపదే జరగాలి. ప్రొఫెసరు సూక్ష్మదర్శినిలో చూసినదాన్ని ముందుగా కొలిమిలో నిలబెట్టినది నాడాలు కొట్టే చేయి.

తఖత్‌పూర్‌కు ఉత్తరాన మైకల్ కొండల్లో అగరియా ఆదివాసులది వేరే పద్ధతి. మట్టి కొలిమిలో ముడిరాయి, సాల్ కర్ర బొగ్గు వేసి, కాళ్ళతో తిత్తి తొక్కి ఇనుము తీసేవారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1942లో వాళ్ళ మీద ఒక పెద్ద పుస్తకమే వెలువరించాడు. కొలిమి మీద పన్ను, బొగ్గుకు అడవి ఆంక్షలు, బజారులో చవక ఇనుము, ఈ మూడూ కలిసి వాళ్ళను నలిపిన తీరు అందులో ఉంది. వాళ్ళ దేవతల్లో ఇనుముకు లోహాసురుడు, బొగ్గుకు కోయలాసురుడు, నిప్పుకు అగ్యాసురుడు. నిప్పును వేరే దేవుడిగా కొలిచారంటే, దాని సంగతి తెలిసే కొలిచారు.

అందుకే సొంతంగా నేర్చుకునేవాళ్ళకు నా సలహా ఒక్కటే: వారపు సంతలో హంసియాలు (కొడవళ్ళు), టాంగియాలు (గొడ్డళ్ళు) అమ్మే లోహార్ (కమ్మరి) దగ్గర కొన్నాళ్ళు కూర్చోండి. మడతల ఉక్కు, అలల గీతలు తర్వాతి మాట. మొదటి కత్తి అలుగు నాలుగంగుళాలు దాటనివ్వకండి. పొడవు పెరిగేకొద్దీ ముంచినప్పుడు వంకర తిరుగుతుంది. కోరిక పెరిగి తొమ్మిదంగుళాలు దాటారా, వంటకో సేద్యానికో పనికొచ్చేది కాకపోతే, ఆయుధాల చట్టం లైసెన్సు అడుగుతుంది.