బోను కన్నా ముందు బెజ్జం చూడాలి

చిట్టెలుక కనబడగానే మనకు గుర్తొచ్చేవి బోను, మందు, జిగురు అట్ట. బెడద తీర్చేవి మాత్రం సిమెంటు, ఇనుప జాలి, బిగుతు మూతల డబ్బాలే అంటాను. చిట్టెలుక దూరడానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు. సింకు కింద గొట్టం గోడలోకి వెళ్లే చోట, గ్యాసు పైపు చుట్టూ, తలుపు కింద అరిగిన అంచున అలాంటి సందు లేని ఇల్లు అరుదు. లోపలికొచ్చాక దానికి రోజుకు సుమారు 3 గ్రాముల తిండి చాలు, పొయ్యి వెనక రాలిన పోపుగింజలతో గడిపేస్తుంది. మూడు వారాల్లో ఈనుతుంది, ఈతకు ఐదారు పిల్లలు, అవీ నెలన్నరకల్లా ఈతకొస్తాయి. ఇంత వేగంగా పెరిగేదాన్ని చంపుతూ గెలవడం కష్టం. 1940ల్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో డేవిడ్ డేవిస్ బృందం వీధి ఎలుకల మీద గమనించిందీ ఇదే. మందు పెడితే సంఖ్య పడిపోయేది, తిండీ గూడూ అలాగే ఉంటే మళ్లీ మొదటికొచ్చేది. చిట్టెలుక వేరే జాతే గానీ, తిండి దొరికిన చోట పెరగడంలో దానిదీ అదే దారి.

మందైతే వారంలో పని అయిపోతుంది కదా అంటారు. బ్రోమాడయొలోన్ లాంటివి తిన్న ఎలుక చావడానికి కొన్ని రోజులు పడుతుంది, అదీ ఏ బీరువా వెనకో చచ్చి కంపు కొడుతుంది. పైగా చిట్టెలుక ఒకచోట కడుపునిండా తినదు, నాలుగు చోట్లా కాస్త కాస్త కొరుకుతుంది, కాబట్టి ఒక మూల పెట్టిన ముద్దతో పని కాదు. పసుపు భాస్వరం పేస్టయితే మనిషి కాలేయాన్నే దెబ్బతీస్తుంది, పిల్లలున్న ఇంట్లో దాని ఊసే వద్దు. పిల్లిని పెంచితే సరిపోదా అంటే, గోడ లోపలి సందుల్లోకి అది వెళ్లలేదు. ఇప్పటికే ఇంట్లో తిరుగుతున్నవాటికి బోను కావలసిందే, ఒప్పుకుంటాను. కానీ ముందు బయటి బెజ్జాలు మూసి, తిండంతా డబ్బాల్లోకి చేర్చాలి. అప్పుడు ఇంట్లో దొరికేది బోనులోని వేయించిన పల్లీ ఒక్కటే అవుతుంది. గోడ వెంట నడిచే జీవి కనుక బోనును గది నడిమధ్య కాదు, గోడకు ఆనించి పెట్టాలి.

అద్దె ఇల్లు, గోడలు కదిలించలేం అనేవాళ్లకు గిన్నెలు తోమే స్టీలు పీచు ఉంది. బెజ్జంలో గట్టిగా కూరితే ఎలుక అంత తేలిగ్గా కొరకలేదు, ఖాళీ చేసేటప్పుడు లాగేయవచ్చు. గుడ్డపేలికలు మాత్రం కుక్కకండి, వాటిని కొరికి అది గూడు కట్టుకుంటుంది! అపార్ట్‌మెంటుల్లో పైపుల డక్టు అందరిదీ కాబట్టి ఒక్క ఫ్లాటు మూసుకుంటే చాలదు. ఏటా మందు పెట్టించే డబ్బులో కొంతతో సంఘం ఒకసారి మేస్త్రీని పిలిపించి, అన్ని అంతస్తుల్లోనూ ఆ డక్టు సందులు పూడిపించడం మేలు.