బేస్‌మెంట్లో భూకంపాలు

అమెరికాలో మనవాళ్ళ గృహప్రవేశాలకి ఒక వరస ఉంది. పాలు పొంగించడం, వ్రతం, భోజనాలు అయ్యాక వంటింటి గ్రానైటూ, పూజగదీ, పిల్లల గదులూ చూపిస్తారు. ఆ తర్వాత ఇంటాయన గొంతు కాస్త మారుతుంది. "ఒక్కసారి కిందికి రండి" అంటాడు. న్యూజెర్సీ, మిషిగన్, చికాగోల వైపయితే కింద బేస్‌మెంటు. డాలస్ వైపు బేస్‌మెంట్లు ఉండవు కాబట్టి "పైకి రండి" అంటాడు, అక్కడ మీడియా రూమ్. లైట్లు ఆరిపోతాయి. గుండె గుభేలుమంటుంది. ప్లేట్లో జంతికలు కూడా కదిలాయని ఎవరో నవ్వుతారు.

ఆ ఐదు నిమిషాల కోసం ఆయన ఎంచుకునే సినిమా ఏమిటో గమనించారా? 2000లో వచ్చిన 'యు-571'లో జలాంతర్గామి చుట్టూ పేలే డెప్త్ ఛార్జీలు. 2003 నాటి 'మాస్టర్ అండ్ కమాండర్'లో పొగమంచులోంచి దూసుకొచ్చే ఫిరంగి గుళ్ళు. 2014 నాటి 'ఎడ్జ్ ఆఫ్ టుమారో'లో, ఇంకా కథే మొదలవకుండా, స్టూడియోల బొమ్మల మీదే వినిపించే పాతాళపు మోతలు. నేను చూసినంతలో ఆ సమయానికి తెలుగు సినిమా పెట్టినవాళ్ళు బహు తక్కువ. మన సినిమాల్లో మోతకేం లోటని? లోటు లేకపోవడమే అసలు చిక్కని నా అనుమానం.

ముందు ఆ మోత సంగతి కాస్త చెప్పుకోవాలి. 5.1 అంటామే, అందులో చివరి .1 లోతు శబ్దాల కోసం విడిగా పెట్టిన దారి. సుమారు 120 హెర్ట్జ్ దాకా ఉండే శబ్దాలే అందులో వెళతాయి. మన చెవి వినగలిగే అట్టడుగు మెట్టు 20 హెర్ట్జ్. ఆ కిందిది వినిపించదు, ఒంటికి తెలుస్తుంది. 20 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు 56 అడుగులు. మన గది ఇరవై అడుగులుంటే గొప్ప! అంత తరంగాన్ని ఇంత పెట్టెలో కుక్కితే అది గోడలకి కొట్టుకుని ఒకచోట పోగుపడుతుంది, ఇంకోచోట మాయమవుతుంది. ఇరవై అడుగుల గది నట్టనడుమ కూర్చున్నవాడికి 28 హెర్ట్జ్ దగ్గర దాదాపు ఏమీ వినిపించకపోవచ్చు. దీనికి వాడుకలో ఉన్న వైద్యం చూస్తే నవ్వొస్తుంది. సబ్‌వూఫర్‌ని సోఫా ఎక్కించి, మనిషి నేలమీద పాకుతూ ఎక్కడ బాగా వినిపిస్తే అక్కడ దాన్ని పెట్టుకోవాలి. కంపెనీలో పాతికమంది చేత పనిచేయించే మేనేజరుగారు తన ఇంట్లో ఇలా పాకడం నేను చూశాను.

ఒంటికి తగిలే శబ్దం మనకేమీ కొత్త కాదు. జాతరలో డప్పుల పక్కన నిలబడ్డవాడికీ, గోదావరి వంతెన మీద రైలు కిటికీ పక్కన కూర్చున్నవాడికీ అది తెలుసు. హాలీవుడ్ వాళ్ళు దాన్ని సరుకుగా అమ్మడం మొదలెట్టింది 1974లో, 'ఎర్త్‌క్వేక్' సినిమాకి. సెన్సరౌండ్ పేరుతో థియేటర్లలో పెద్దపెద్ద స్పీకర్లు దించి కుర్చీలు వణికించారు. ఆ పద్ధతి నాలుగు సినిమాలతో, నాలుగేళ్ళలో అటకెక్కింది. కుర్చీ ఎందుకు వణకాలో కథ చెప్పకపోతే ఆ వణుకు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఆ ప్రశ్నకి జవాబు 1993లో 'జురాసిక్ పార్క్' చెప్పింది. డి.టి.ఎస్. ధ్వనితో వచ్చిన మొదటి సినిమా అదే. రాత్రి, వాన, కరెంటు పోయి ఆగిపోయిన కార్లు. డాష్‌బోర్డు మీద గ్లాసులో నీళ్ళు. దూరంగా ఒక అడుగు. నీళ్ళల్లో ఒక వలయం. మళ్ళీ నిశ్శబ్దం. ఇంకో అడుగు. జంతువు చాలాసేపు కనబడదు. అది కంచె తెంచుకుని బయటికొచ్చి కారుని తలకిందులు చేస్తున్నా జాన్ విలియమ్స్ సంగీతం ఒక్క స్వరం కూడా వినిపించదు. వానా, లోహం, కేకలూ, ఆ అడుగులూ, అంతే. నీళ్ళలో ఆ వలయాల కోసం డాష్‌బోర్డు కింద గిటార్ తీగ కట్టి మీటారట. తన కారులో పాట మోగుతుంటే అద్దం వణకడం చూసి స్పీల్‌బర్గ్‌కి ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. మంద్రాన్ని చెవికంటే ముందు కంటికి చూపించడమన్న మాట! ఆ గ్లాసు మీద నుంచి కన్ను తిప్పుకోలేనివాడు తర్వాత వచ్చే మోతని వినడు, దానికోసం ఎదురుచూస్తాడు.

అదే దర్శకుడి 2005 నాటి 'వార్ ఆఫ్ ద వరల్డ్స్'లో నేల చీల్చుకుని యంత్రం లేచేది మన న్యూజెర్సీలోనే, బయాన్‌లో. అక్కడా అదే లెక్క. పిడుగులు పడి ఆగాక జనం గుంత చుట్టూ చేరి తొంగిచూస్తారు. రోడ్డు బీటలిస్తుంది. చర్చి ముందుభాగం ఊడి పక్కకి జరుగుతుంది. యంత్రం పూర్తిగా లేచి నిలబడ్డాక ఒక్క క్షణం ఎవరూ కదలరు. ఆ తర్వాతే దాని బూర మోగుతుంది. సబ్‌వూఫర్ పరీక్షకి దీన్ని పెట్టేవాళ్ళు బూర దగ్గర వాల్యూమ్ పెంచుతారు గానీ, పరికరం నాణ్యత తేలేది ఆ క్షణంలోనే. నాసిరకం సబ్‌వూఫర్ శబ్దం ఆగాక కూడా మూలుగుతూనే ఉంటుంది.

ఇక మన సంగతి. 1986లో కృష్ణ 'సింహాసనం'తో తెలుగుకి 70 ఎమ్.ఎమ్. తెరనీ స్టీరియోఫోనిక్ ధ్వనినీ తెచ్చారు. అప్పట్నుంచి మనవాళ్ళు సాంకేతికంగా ఎవరికీ తీసిపోలేదు. కానీ స్పీల్‌బర్గ్ రాక్షసబల్లికి ఇచ్చిన అడుగుని మనం హీరో చెప్పుకిచ్చాం. ఆయన కారు దిగితే భూకంపం, కళ్ళజోడు తీస్తే పిడుగు, తొడ కొడితే రెండూ! 2021లో వచ్చిన 'అఖండ' చూడండి. తమన్ చేయి తిరిగిన డ్రమ్మరు, 'బాయ్స్'లో తెరమీద కనిపించింది కూడా డ్రమ్ములతోనే. అఘోరా రాగానే ఆయన వాయించిన మోతకి ఒళ్ళు జలదరించిన మాట నిజం. ఆ జలదరింపుని తక్కువచేసి మాట్లాడే మేధావితనం నాకు లేదు. కానీ ఇరవై నిమిషాలు గడిచేసరికి ఏం జరుగుతుందో చూడండి. పెద్ద శబ్దం ఎడతెగకుండా వస్తే మన మధ్యచెవిలో ఒక చిన్న కండరం బిగుసుకుంటుంది. అది ముందుగా అడ్డుకునేది లోతు శబ్దాలనే. దర్శకుడు ఆపకపోతే చెవే తలుపేసుకుంటుంది.

మనకి చేతకాక కాదు. 2017 నాటి 'బాహుబలి 2'లో విశ్రాంతి ముందు ఘట్టం తీసుకోండి. పట్టాభిషేకం భల్లాలదేవుడికి, ప్రమాణం చేసేది అమరేంద్రుడు. అతని పేరు వినగానే జనం అరుపులకి కొలువంతా అదురుతుంది. ఆ మంద్రం సేనాపతి బలానికి గుర్తు కాదు. కిరీటం ఒకడిదీ, రాజ్యం ఇంకొకడిదీ అని భల్లాలుడికి ఒంటితో తెలియజేయడం. కథ చెప్పాల్సిన మాటని మోత చెప్పింది. ఇక్కడి మిత్రులు తమ మీడియా రూముల్లో ఇంగ్లీషు యుద్ధాల పక్కన ధైర్యంగా పెట్టదగ్గ తెలుగు ఘట్టం ఇది. సౌండ్ డిజైనర్ పి.ఎం. సతీష్ పేరు మన అభిమాన సంఘాల ఫ్లెక్సీల మీద ఎక్కడా కనపడదు, అది వేరే సంగతి.

నాకున్న అసలు బాధ మాటల గురించి. ఆర్నెల్ల కోసం అమెరికా వచ్చిన అమ్మానాన్నలని ఆ పడక కుర్చీల్లో కూర్చోబెడతాం. రెండు బాంబుల మధ్య హీరో ఏదో అంటాడు. "ఏమన్నాడ్రా?" అని అడుగుతుంది అమ్మ. రిమోట్ తీసుకుని శబ్దం పెంచుతాం, తర్వాతి బాంబుకి ఆవిడ చెవులు మూసుకుంటుంది. మాటలు వచ్చేది ముందున్న సెంటర్ స్పీకర్‌లోంచి. మనవాళ్ళు చాలామంది సబ్‌వూఫర్ మీద పెట్టినంత డబ్బూ శ్రద్ధా దానిమీద పెట్టరు. ఈ దేశంలో పుట్టిన పిల్లల చెవిన ఇంత తెలుగు పడే చోటు ఆ గది ఒక్కటే. వాళ్ళు సబ్‌టైటిల్స్ చదువుకుంటున్నారు. తెలుగు రాక మాత్రమే కాదు, తెలుగు వినపడక.

డి.వి.డి.ల రోజుల్లో ఇండియన్ షాపులో కరివేపాకు పక్కనే పాత సినిమాలుండేవి. అట్టమీద 5.1 అని బంగారు అక్షరాలు, లోపల పాత మోనోకే కలిపిన గుడగుడ. 1957 నాటి 'మాయాబజార్'కి మాత్రం హైదరాబాదు గోల్డ్‌స్టోన్ సంస్థ 2010లో రంగులతోపాటు డి.టి.ఎస్. ధ్వని కూడా అద్దింది. చేసిన శ్రమకి దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఒకసారి ఆ నలుపు తెలుపుదే పెట్టి ఎస్వీ రంగారావు నవ్వు వినండి. లోతైన మోతని మొయ్యడం ఆనాటి ఆప్టికల్ సౌండ్‌ట్రాక్ వల్ల కాదు. అయినా ఘటోత్కచుడి బరువు మనకి ఎలా తెలిసింది? పై స్వరాలు అందితే చాలు, లేని ఆధారస్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. మిగతాది ఆయన గొంతూ, ఆ గొంతుకి ముందూ వెనకా కె.వి. రెడ్డి వదిలిన ఖాళీ. ఈ పరీక్షకి సబ్‌వూఫర్ తీగ పీకక్కర్లేదు, రిసీవర్లో ఒక్క మీట నొక్కితే చాలు.