మోగని లోహాల పాఠం

ఎనిమిదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలోని లోహాలు–అలోహాల పాఠం, పదార్థాన్ని కొట్టి, వంచి, గీకి, వేడిచేసి చూడమని పిల్లలకు అనుమతినిచ్చే అరుదైన పాఠాల్లో ఒకటి కాగా, గైడులోకి చేరేసరికి అది రెండు నిలువు వరుసల భేదాల పట్టికగా మిగిలిపోతుంది. లోహాలకు మెరిసే స్వభావమైన ద్యుతిగుణం, దెబ్బకు రేకుగా సాగే స్తరణీయత, లాగితే తీగగా సాగే తాంతవత, కొడితే మోగే ధ్వనిగుణం, వేడినీ విద్యుత్తునూ తమ గుండా పోనిచ్చే వాహకత ఉంటాయని, అలోహాలకు ఇవేవీ ఉండవని ఆ పట్టిక తేల్చేస్తుంది. గైడుల మీద ఈ కాలమ్‌కున్న పాత కోపం పాఠకులకు తెలియనిది కాదు. అయితే ఈ వారం ఉప్పల్ చిల్కానగర్‌లోని ఒక ట్యూషన్ నుంచి ఈ కాలమ్ దాకా వచ్చిన గైడు ఆ కోపానికి కొత్త కారణం చూపింది: అందులో అలోహాలకు ఉదాహరణలుగా గంధకం, బొగ్గుల పక్కనే గాజు, చెక్క, ప్లాస్టిక్ కూడా కూర్చున్నాయి. లోహం, అలోహం అనేవి మూలకాలకు, అంటే రసాయనికంగా ఇంకా సరళమైన పదార్థాలుగా విడదీయలేని వాటికి, చేసిన విభజన కాబట్టి అనేక మూలకాలు కలిసి ఏర్పడిన చెక్కకు ఆ వరుసలో చోటే లేదు.

ఉదాహరణలు సరిదిద్దినా పట్టిక నిలవదు. సోడియం లోహమైనా చాకుతో కోయగలిగినంత మెత్తన. అయోడిన్ అలోహమైనా మెరుస్తుంది. గ్రాఫైట్ విద్యుత్తును పోనిస్తుంది. వజ్రం వేడిని రాగికంటే దాదాపు ఐదు రెట్లు బాగా పోనిస్తుంది. గది ఉష్ణోగ్రత వద్ద ద్రవంగా ఉండే లోహం పాదరసం ఒక్కటేనని గైడులు రాస్తాయి గానీ, గాలియం 29.8 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది కనుక మే నెలలో ఉప్పల్‌లో ఏసీ లేని ఏ గదిలోనూ అది ఘనంగా నిలవదు.

వీటన్నింటిలో ధ్వనిగుణం కథ వేరు, తరగతి గదిలో దాన్ని ఒక్క వాక్యంతో దాటించడం అన్యాయం. లోహాలన్నీ మోగుతాయని బల్లగుద్ది చెప్పే పుస్తకానికి తెలుగునాట అందరికంటే ముందు అభ్యంతరం చెప్పినవాడు వేమన; గొప్పలు పలికేవాణ్ణి కంచుతోను, మంచివాణ్ణి బంగారంతోను పోల్చిన ఆయన పద్యం తెలుగు వాచకంలో చదివిన పిల్లవాడే, సైన్సు పీరియడ్‌లో బంగారం కూడా మోగుతుందని రాసి మార్కు తెచ్చుకుంటాడు. నీతి కోసం చేసిన ఆ పోలికలో పదార్థశాస్త్రం కూడా సరిగ్గానే ఉంది. మేలిమి బంగారం మెత్తన. సీసం మరీ మెత్తన. మెత్తని లోహాన్ని కొడితే దెబ్బ శక్తిలో ఎక్కువ భాగం దాని రూపు మార్చడంలోనూ లోపలే వేడిగా మారడంలోనూ ఖర్చై, గాలిని కదిలించేందుకు మిగిలేది స్వల్పం. కంచు ఒక మిశ్రమ లోహం, అంటే ఒకటికంటే ఎక్కువ మూలకాలను కరిగించి కలిపింది. గంటలు పోసే కంచులో సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం ఉంటాయి. ఆ రెండూ విడివిడిగా మెత్తనివే అయినా, కలిసినప్పుడు తగరం పరమాణువులు రాగి పొరలను ఒకదాని మీద ఒకటి జారనివ్వకుండా పట్టుకోవడం వల్ల, వాటి కలయికలో కొత్త గట్టి స్ఫటికాలు కూడా ఏర్పడడం వల్ల ఆ పదార్థం బిగుసుకుని, దెబ్బ తగిలిన తర్వాత కూడా చాలాసేపు కంపిస్తూ ఉంటుంది. ఆ బిగువుకు చెల్లించే మూల్యం పెళుసుతనం: బాగా మోగే గంట కిందపడితే పగులుతుంది.

మోగకపోవడం కూడా ఒక సుగుణమేనని తెలియాలంటే చిల్కానగర్ పిల్లలు దూరం పోనక్కరలేదు. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లోని లేత్ మిషన్ల కింది భాగాన్ని, పనివాళ్లు బెడ్డు అనేదాన్ని, సాధారణంగా బీడుతో, అంటే పోత ఇనుముతో పోస్తారు. అందులో మూడు శాతం పైబడి ఉండే కార్బన్ చాలా మటుకు గ్రాఫైట్ రేకులుగా విడిపోయి, యంత్రం అదురును పీల్చుకుంటుంది. ఒక శాతం కార్బన్ కూడా లేని రైలుపట్టా ముక్కను బడి వసారాలో వేలాడదీస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. అదే బరువున్న బీడు ముక్క అలా మోగదు. ఇనుము మోగాలా వద్దా అన్నది అందులో దాగిన అలోహం తేల్చే ఈ సంగతిని ఏ పట్టికా పట్టుకోలేదు.

స్తరణీయతకు కూడా ఇటువంటి సాక్ష్యం ఉప్పల్ నుంచి బయలుదేరే వరంగల్ రహదారి మీదే, జనగామ దగ్గరి పెంబర్తిలో దొరుకుతుంది. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి, రాగి రేకులను లక్క మీద పరచి సుత్తి, ఉలులతో బొమ్మలు లేపుతారు. అయితే దెబ్బలు పడేకొద్దీ రేకు గట్టిపడి చిట్లే స్థితికి వస్తుంది కాబట్టి మధ్యమధ్య దాన్ని కాల్చి మళ్లీ మెత్తబరుస్తారు. సాగే గుణం లోహంలో ఎప్పటికీ ఒకే తీరుగా నిలిచి ఉండేది కాదనడానికి అంతకంటే రుజువు అక్కరలేదు.

ఇంతదాకా వచ్చాక పట్టికను చించి పారేయమనడమే సహజంగా తోస్తుంది గానీ, రసాయనశాస్త్ర చరిత్ర ఆ తొందరను అడ్డుకుంటుంది. 1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ కాస్టిక్ పొటాష్, కాస్టిక్ సోడాల గుండా విద్యుత్తును పంపి పొటాషియం, సోడియంలను వేరుచేసినప్పుడు, అవి మెరిశాయి, విద్యుత్తును పోనిచ్చాయి, కానీ నీటికంటే తేలికగా ఉన్నాయి. బరువును లోహానికి ప్రధాన లక్షణంగా ఎంచిన ఆ కాలంలో వాటిని లోహాలనడానికి కొందరు జంకారు. మరుసటి ఏడాదే వాటికి లోహాన్ని పోలినవి అనే అర్థంలో మెటలాయిడ్ అన్న పేరు ప్రతిపాదించినవారూ ఉన్నారు. మిగిలిన గుణాలన్నీ కలుస్తున్నప్పుడు ఒక్క బరువు తేడా చాలదని డేవీ వాదించాడు, చివరికి బరువే జాబితా నుంచి తప్పుకుంది. జాబితా అంటూ లేకపోతే నీటి మీద తేలే లోహం ఎవరినీ ఆశ్చర్యపరిచేది కాదు, ఏ గుణం ముఖ్యమో తేల్చవలసిన అవసరమూ వచ్చేది కాదు. కాబట్టి ఈ కాలమ్ ఇన్నాళ్లూ ఈసడించిన పట్టిక తరగతిలో ఉండవలసిందే, కంఠస్థమూ కావలసిందే. నియమం నోటికి రాని పిల్లవాడికి మినహాయింపు మరో విడి వాక్యంగానే మిగులుతుంది.

పట్టిక వచ్చాక దాన్ని పరీక్షించే సామగ్రికి ప్రయోగశాల లేదన్న సాకు అక్కరలేదు. పాత టార్చిలైట్లలో వాడే జింక్–కార్బన్ సెల్ ఒక్కటి చాలు: పై డబ్బా జింక్ అనే లోహం, నడుమ కడ్డీ కార్బన్ అనే అలోహం. సెల్‌ను టీచరే చేతికి తొడుగు వేసుకుని విప్పి, నల్లని పొడిని తీసేసి, రెండింటినీ కడిగి ఇస్తే, బల్బు వెలిగించే పనిలో రెండూ నెగ్గుతాయి, సుత్తి దెబ్బకు మాత్రం జింక్ రేకు అణిగితే కడ్డీ ముక్కలవుతుంది. ఆల్కలైన్, లిథియం సెల్‌లను విప్పే సాహసం మాత్రం ఎవరూ చేయరాదు.

ఉప్పల్ మండల సైన్సు టీచర్లకు విన్నపం ఒక్కటే: వచ్చే ఫార్మేటివ్ పరీక్షలో భేదాలు రాయమనే ప్రశ్నకు బదులు, పట్టికలోని ఏ గడి ఏ మూలకం దగ్గర చెల్లదో కారణంతో రాయమని ఒక ప్రశ్న ఇవ్వండి, కారణం తప్పినా, మూలకాన్ని సరిగ్గా పట్టుకున్న పిల్లలకు సగం మార్కులు వేయండి.