పాటదారు, వేలందారు: కోనసీమ వ్యవహారంలో వేలం కర్తృపదాల పరిశీలన

‘వేలంపాట’ అనే సమాసంలో భిన్న మూలాలకు చెందిన రెండు పదాలు కలిశాయి. ‘వేలం’ పోర్చుగీసు పదం ‘లెయిలావ్’ నుండి వచ్చిందని సాధారణంగా అంగీకరిస్తారు. తమిళంలోని ‘ఏలం’, హిందీలోని ‘నీలాం’ కూడా ఆ కుదురుకు చెందినవే. తెలంగాణలో వినవచ్చే ‘హర్రాజు’ అరబ్బీ మూలం కలిగి ఉర్దూ ద్వారా వచ్చినది. ‘పాట’ మాత్రం అచ్చతెలుగు. ఇలా వ్యవహారానికి పేర్లు సమృద్ధిగా ఉన్నా, దానిని నడిపే వ్యక్తికి తెలుగులో స్థిరపడిన పదం లేదు. ‘పాటదారు’, ‘వేలందారు’, ‘వేలంపాటదారు’ అనే మూడింటినీ ఒకచోట వేలం నడిపేవారికీ, మరొకచోట పాడేవారికీ వాడుతుంటారు. ఈ వాడుకలోని సామంజస్యాన్ని కోనసీమ వ్యవహారం ఆధారంగా పరిశీలించవచ్చు.

గోదావరి పాయల నడుమ ఉన్న కోనసీమలో రేవు దాటడం నిత్యజీవితంలో భాగం. రాజోలు ప్రాంతంలోని సఖినేటిపల్లికీ, ఆవలి ఒడ్డున ఉన్న నరసాపురానికీ మధ్య వసిష్ఠ పాయపై పంటు నడిపే హక్కును వేలం ద్వారా అప్పగించే పద్ధతి ఉంది. ఆ హక్కును దక్కించుకొని, పంటు నడిపించి, రేవు రుసుము వసూలు చేసేవాడే ‘రేవు పాటదారు’. దేవాలయాలలో కొబ్బరికాయల దుకాణం, తలనీలాలు, మాన్యాల కౌలు వంటి వాటి విషయంలోనూ పదం ఇదే తీరున నడుస్తుంది. పాట పాడినవాడు, పాట దక్కినవాడు, దక్కిన హక్కును అనుభవించేవాడు అనే మూడు దశలూ ‘పాటదారు’లో ఇమిడి ఉన్నాయి. మొదటి దశలోని పలువురి నుండి రెండవ దశలోని ఒక్కని వేరుచేయడానికే ‘హెచ్చుపాటదారు’ అనే రూపం ఏర్పడింది. వేలం నడిపేవాడు ఈ అర్థపరిధిలో ఎక్కడా లేడు.

దీనికి ‘దారు’ అనే ఫారసీ ప్రత్యయమే కారణమని చెప్పవచ్చునా? కౌలుదారు, వాటాదారు, ఖాతాదారు అనే పదాలలో అది హక్కు గలవానిని సూచిస్తుంది. కాని తాసీల్దారు, చౌకీదారు అనే పదాలలో బాధ్యత వహించేవానిని సూచిస్తుంది. కనుక రూపాన్ని బట్టి ‘వేలందారు’ రెండు వైపులా మొగ్గగలదు. నిర్ణయం చేయవలసింది ప్రయోగమే.

ప్రయోగంలో క్రియలు కర్తృపదాల కంటె స్పష్టంగా ఉన్నాయి. సొత్తు గలవారు పాట ‘పెడతారు’, కొనగోరేవారు పాట ‘పాడతారు’, నడిపేవారు మూడుసార్లు పిలిచి పాట ‘కొట్టివేస్తారు’. దేవాలయ వేలంలో ఈ విభజన మరింత తేటపడుతుంది. సొత్తు దేవునిది. పిలిచేది దేవస్థానం పక్షాన అధికారి లేదా ఉద్యోగి. పాడేది వర్తకుడు లేదా రైతు. పిలిచేవానికి సొత్తుపై హక్కు లేదు, కొనే ఉద్దేశమూ ఉండకూడదు.

ఇక్కడ ‘సర్కారువారి పాట’ అనే పలుకుబడి గమనార్హం. వేలం పెట్టినవారి పక్షాన మొదట ప్రకటించే మొత్తాన్ని అలా అంటారు. నడిపేవాడు కూడ ఒకసారి ‘పాడుతున్నాడన్న’ మాట. అయినా అతనిని ఎవరూ పాటదారు అనరు. మొత్తాన్ని పలికినంత మాత్రాన పాటదారు కాడని, ఆ పాటతో హక్కు పొందే అవకాశం ఉన్నవాడే పాటదారని ఈ పలుకుబడి రుజువు చేస్తున్నది.

చట్టం కూడ ఈ భేదాన్ని పాటిస్తుంది. సరుకుల వేలానికి వర్తించే 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 64వ సెక్షను ప్రకారం, సుత్తి దెబ్బతో గాని ఆచారంలో ఉన్న మరో రీతిలో గాని నడిపేవాడు ప్రకటించేవరకు విక్రయం పూర్తికాదు. అంతవరకు పాడినవాడు తన పాటను ఉపసంహరించుకోవచ్చు. ముందుగా తెలియజేయకుండా అమ్మేవాడు తానే పాడటం, తెలిసి కూడ ఆ పాటను నడిపేవాడు స్వీకరించడం చట్టవిరుద్ధం. ధర పెంచడానికి అమ్మేవాడు బూటకపు పాట పాడిస్తే విక్రయాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవానికి ఉంది. పాడేవానికీ, నడిపేవానికీ ఒకే పేరు పెట్టడం ఈ కట్టుబాట్లకు ఆధారమైన భేదాన్నే చెరిపివేస్తుంది.

చీటీల వ్యవహారంలో ఈ చిక్కు లేదు. అక్కడ చీటీ పాడుకున్నవాడు పాటదారు, బాధ్యత వహించేవాడు నిర్వాహకుడు. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం అతనిని ‘ఫోర్‌మన్’గా వేరుగా నిర్వచించింది. ఆ నమూనాలోనే ‘వేలం నిర్వాహకుడు’ అనడం ఉచితం. వాడుకకు దగ్గరగా ఉండాలంటే ‘పాట పెట్టేవారు’ అనరాదు. అది సొత్తు గలవారికి చెందిన మాట. ‘వేలం నడిపేవారు’ అనాలి. ‘పాటదారు’ను పాడేవారికే విడిచిపెట్టాలి.

ఇది కేవలం నిఘంటు విషయం కాదు. ‘నష్టానికి పాటదారుదే బాధ్యత’ అని ప్రకటనలో ఉన్నప్పుడు ఆ బాధ్యత ఎవరిదో, ధరావతు ఎవరు కోల్పోతారో ఆ ఒక్క పదాన్ని బట్టే తేలుతుంది. రేవులో పంటు కోసం నిలిచిన వ్యక్తికి ఆ పదం అర్థం స్పష్టంగా తెలుసు. నిఘంటువు, ప్రకటన ఆ స్పష్టతను అందుకోవలసి ఉంది.