బతికుండగానే ఒక బొమ్మ

మన పల్లెల్లో మనిషి బొమ్మ గోడకు ఎక్కాలంటే ముందు ఆ మనిషి పోవాలి. పెద్దదినం దగ్గర పడుతుండగా ఇంట్లో ఎవరో ఒకరు ఆధార్ కార్డు పట్టుకొని ఆర్టిస్టు దగ్గరికి బయలుదేరతారు. కార్డు దొరక్కపోతే మనవరాలి పెళ్లి ఆల్బమ్‌లో వెనక వరుసన సగం కనపడ్డ ముఖాన్ని వేలితో చూపించి, "గీమెనే సార్ మా అవ్వ. జర పెద్దగ గీయాలె" అంటారు. ఆ అవ్వ డెబ్బై ఏళ్లు అదే ఇంటి అరుగు మీద కూర్చుంది. వడ్లు చెరిగింది, చింతపండు గింజలు తీసింది, మనవళ్లకు తల దువ్వింది. అన్నేళ్లలో ఒక్కనాడైనా ఎవరూ కాగితం పట్టుకొని ఆమె ఎదురుగా కూర్చోలేదు.

ఆ బొమ్మలు గీసే ఆర్టిస్టుల పనితనాన్ని నేను తక్కువ చేయను. ఫోటో మీద సన్నని గళ్లు గీసి, పెద్ద షీటు మీద అన్నే గళ్లు పెద్దవిగా గీసుకొని, ఒక్కో గడిలో ఉన్నదాన్ని ఒక్కో గడిలోకి దించుతారు. తర్వాత నల్లపొడిని బ్రష్షుతో అద్దుతూ నునుపుగా షేడింగ్ ఇస్తారు. ఎంతో ఓర్పు కావాలి దానికి. కాని కార్డు కోసం ఎదురు వెలుతురులో తీసిన ఫోటోలో నీడలుండవు. నీడ లేని చోట ఎముక కనపడదు, ఎముక కనపడని ముఖానికి లోతు రాదు. గడులన్నీ సరిపోతాయి, ముక్కు ముక్కులాగే ఉంటుంది. ఇంటివాళ్లు మాత్రం చాలాసేపు చూసి, "మా అవ్వ లెక్కనే ఉంది గని..." అని ఆగిపోతారు. ఆ ఆగిపోయిన చోటి నుంచే బొగ్గుతో ముఖాలు గీసే విద్య మొదలవుతుంది.

మా ఆత్మకూర్ ఒకప్పటి అమరచింత సంస్థానపు ఊరు. ఇదివరకు మనం పాలమూరు అని పిలుచుకునే మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి వనపర్తి జిల్లా. దగ్గర్లోనే కృష్ణమ్మ మీద జూరాల ప్రాజెక్టు. దీపావళి దాటాక కురుమూర్తి జాతరకు స్వామివారి నగలు ఊరేగింపుగా బయలుదేరేది ఈ ఊరి నుంచే. ఇలాంటి చోట బొమ్మలు నేర్చుకోవాలనుకునే పిల్లలు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "సార్, చార్‌కోల్ ఎక్కడ దొరుకుతది?" పెట్టెలో వరుసగా పేర్చిన చార్‌కోల్ కడ్డీలు హైదరాబాద్ నుంచి తెప్పించుకోవచ్చు. అంతకంటే ముందు ఊరి చింతచెట్టు కిందికి పోవచ్చు.

ఇది పేదరికపు చిట్కా అనుకోకండి. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన బట్ట మీద మొట్టమొదటి గీత గీసేది కాల్చిన చింతపుల్లతోనే. వెదురు కలం, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నల్లరంగు ఆ తర్వాత వస్తాయి. అంత పెద్ద రామాయణ పటాలకు పునాది ఒక బొగ్గుపుల్ల. తప్పు పోతే దులిపేస్తే పోతుంది, గీత కుదిరాకే దాని మీద కలం నడుస్తుంది.

బొగ్గు చేసుకునే తీరు చెబుతాను, ఎందుకంటే ఇక్కడ తొందరపడితే చేతికి బూడిదే మిగులుతుంది. పెన్సిలంత లావున్న చింతపుల్లలు, వంకరలు లేనివి, అర జానెడు ముక్కలుగా కోసి, బెరడు ఒలిచి, నీడన బాగా ఎండబెట్టాలి. మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో వాటిని ఒత్తుగా నిలబెట్టి, మూతకు మేకుతో ఒక్క చిన్న చిల్లు పొడవాలి. డబ్బాను పిడకల మంటలో పెడితే కాసేపటికి ఆ చిల్లులోంచి తెల్లటి పొగ దట్టంగా తన్నుకొస్తుంది. కట్టెలోని తడీ జిగురూ వెళ్లిపోతున్నాయన్నమాట. పొగ సన్నబడి పూర్తిగా ఆగినప్పుడు దించాలి. అప్పుడే మూత తీయకూడదు. లోపలి బొగ్గు ఇంకా వేడిమీద ఉంటుంది, గాలి తగిలిందంటే అంటుకుంటుంది. రాత్రంతా అలాగే వదిలేసి పొద్దున తీస్తే పుల్ల ఆకారం చెడకుండా, నల్లగా, తేలికగా చేతికొస్తుంది. బండ మీద వేస్తే సన్నగా గాజు మోగినట్టు మోగాలి. కాగితం మీద గీత మట్టిరంగులో పడితే ఇంకా కాలలేదని అర్థం. కంది కట్టెతోనూ చేసి చూడొచ్చు, మన పొలాల్లో దానికేం కొదవ? కమ్మరి కొలిమిలో వాడే తుమ్మబొగ్గు మాత్రం వద్దు. ఇనుము కాల్చడానికి ఆ గట్టిదనం మంచిదే, కాగితాన్ని మాత్రం గీరుతుంది.

నునుపైన చార్టు మీద బొగ్గు నిలవదు. కాస్త గరుకున్న కార్ట్రిడ్జ్ షీటు కావాలి. బొగ్గు సిరాలాగా కాగితంలోకి ఇంకిపోదు, పైనున్న గరుకు గుంటల్లో కూర్చుంటుంది. అందుకే పాతబట్టతో ఒక్కసారి తుడిస్తే సగం పోతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకంటే పెద్ద వరం లేదు. పెన్సిలు పట్టిన పిల్లవాడు కనురెప్ప వెంట్రుకలతో మొదలుపెట్టి గంటసేపు అక్కడే ఉంటాడు, తీరా చూస్తే కన్నే చోటు తప్పి ఉంటుంది. అంత కష్టపడి గీశాడు కనుక చెరపడానికి మనసొప్పదు. బొగ్గు దగ్గర ఆ మమకారం ఉండదు. తప్పైతే తుడిచెయ్, మళ్లీ పెట్టు.

పట్టుకోవడం కూడా వేరే. కలం పట్టినట్టు కొసన పట్టకూడదు. పుల్ల అరచేతి కింద అడ్డంగా ఉండాలి, బొటనవేలూ మిగతా వేళ్లూ పైనుంచి తేలికగా ఆపాలి. కదలవలసింది మణికట్టు కాదు, భుజం. పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసే అమ్మను చూడండి. పిండి వేళ్లలోంచే జారుతుంది, చేయి మాత్రం భుజం నుంచి తిరుగుతుంది. అందుకే అంత పెద్ద మెలిక ఎక్కడా వణకదు. షీటును అట్టకు బిగించి నిలువుగా పెట్టుకొని, చేయి చాచినంత దూరంలో నిలబడి గీయడం మొదటి వారం విసుగ్గా ఉంటుంది. తర్వాత కూర్చొని గీయమన్నా గీయబుద్ధి కాదు.

ఇక మనిషిని కూర్చోబెట్టడం. మన పాలమూరు ఎండ మధ్యాహ్నం నడినెత్తిన ఉంటుంది. ఆ వెలుతురులో కంటి గుంటలు రెండూ నల్లబడి ముఖం పుర్రెలా కనపడుతుంది. పొద్దున ఎనిమిదింటికి అరుగు మీదో, ఇంట్లో కిటికీ పక్కనో కూర్చోబెడితే వెలుతురు ఒక్క పక్క నుంచే వస్తుంది. ముఖంలో సగం వెలుగు, సగం నీడ. ఈ రెండిటి హద్దు నుదుటి మీంచి, దవడ ఎముక మీంచి, గడ్డం దాకా ఏ దారిలో దిగుతున్నదో పట్టుకుంటే సగం పోలిక అక్కడే వచ్చేస్తుంది.

కొలతల్లో నేర్చుకునేవాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది, నేనూ చాలాకాలం చేశాను: కళ్లను మరీ పైన పెట్టడం. జుట్టు మనకు ముఖంలో భాగంగా తోచదు కాబట్టి నుదురు చిన్నదై, కళ్లు పైకెక్కుతాయి. నడినెత్తి నుంచి గడ్డం దాకా పుల్లతో కొలిచి చూడండి, కళ్లు సరిగ్గా సగం దగ్గర ఉంటాయి. రెండు కళ్ల నడుమ ఇంకొక కన్ను పట్టేంత చోటు ఉంటుంది. ఈ లెక్కలు వయసులో ఉన్నవాళ్లకు. పళ్లూడిన అవ్వను గీసేటప్పుడు ముక్కుకూ గడ్డానికీ దూరం తగ్గుతుంది, పెదవులు లోపలికి మడుచుకుంటాయి, కణతలు గుంటపడతాయి. ఏళ్ల తరబడి బరువైన కమ్మలు మోసిన చెవితమ్మెలు సాగి ఉంటాయి. చేతి మీది పచ్చబొట్టు ముడతల్లో అక్కడక్కడ తెగిపోయి ఉంటుంది. పాత పుస్తకాల్లోని కొలతలు వీటిని చెప్పవు. ఎదురుగా కూర్చుంటేనే తెలుస్తాయి.

ఆ తర్వాత కళ్లు సగం మూసి చూడాలి. ముడతలూ వెంట్రుకలూ మాయమై నలుపు, బూడిద, తెలుపు అనే మూడు ముద్దలు మిగులుతాయి. ముందు వాటినే పెట్టాలి. పుల్లను పక్కకు పడుకోబెట్టి రుద్దితే పెద్ద నీడ ఒక్క నిమిషంలో పడుతుంది. నీడను బట్టతోనో, చుట్టిన కాగితంతోనో మెత్తబరచండి. వేలితో రుద్దితే చర్మం మీది జిడ్డు పట్టి మరక ఇక వదలదు. వెలుగును చివర్లో ముద్దలాంటి రబ్బరుతో అద్ది తీయాలి. రబ్బరు రాకముందు యూరప్ చిత్రకారులు ఇదే పనికి మెత్తని బ్రెడ్డు ముక్క వాడేవారు. అంటే ఇక్కడ చెరపడం కూడా గీయడమే. ముక్కు కొసన మెరుపు, కంట్లో తడి, మాసిన తలపాగ మడత మీద పడ్డ ఎండ: ఇవన్నీ నలుపులోంచి తీసినవి.

ఇక్కడ మనసులో మాట ఒకటి చెప్పాలి. మన పిల్లలు తెల్లకాగితం తెలుపును చర్మం రంగు అనుకుంటున్నారు. ముఖమంతా ఖాళీగా వదిలి, కనుబొమలు, కళ్లు, పెదవులు మాత్రం నల్లగా దిద్దుతున్నారు. బొమ్మ గీయించుకునేవాళ్లూ అదే అడుగుతున్నారు: "జర తెల్లగ చేయి సార్, మొఖం నల్లగయితే మంచిగుండదు." నేను చేయను. ఎండలో కందికోత కోసిన మనిషి ముఖం, దేశమంతా తిరిగి ప్రాజెక్టుల దగ్గర మట్టి మోసిన పాలమూరు లేబర్ ముఖం తెల్లగా ఉండదు. ఆ నలుపులో ఎన్ని మెట్లున్నాయో, దవడ మీద అది ఎలా నిగనిగలాడుతుందో చూపగలిగేది బొగ్గే. గొంగడి కప్పుకున్న కురుమ తాతను బొగ్గుతో గీసి చూడండి. గొంగడి నలుపు ఒకటి, ముఖం నలుపు మరొకటి, గొంగడి కింది నీడ ఇంకొకటి. ఈ మూడూ కలిసిపోకుండా నిలబెట్టినవాడికి విద్య వచ్చినట్టే. తెల్ల షీటు బదులు ఖాకీరంగు కాగితం తీసుకుంటే ఇది ఇంకా తేలిక. కాగితం రంగే ముఖానికి నడిమి ఛాయ అవుతుంది, నీడకు బొగ్గు, మెరుపుకు కొద్దిగా సుద్దముక్క సరిపోతాయి.

జర్మనీలో పేదల బతుకులనే జీవితమంతా గీసిన కేథె కోల్విట్జ్ 1933లో బొమ్మ గీస్తున్న తనను తానే బొగ్గుతో గీసుకుంది. ముఖం పక్కనుంచి, ఎంతో జాగ్రత్తగా ఉంటుంది. చేయి మాత్రం నాలుగైదు మెలికల గీతలే, బొగ్గును అడ్డంగా పెట్టి ఒక్క ఊపులో లాగినవి. ఎక్కడ ఆగి చూడాలో, ఎక్కడ వదిలేయాలో ఆ ఒక్క కాగితం చెబుతుంది. అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ 1907 ప్రాంతంలో శ్రీమంతుల తైలవర్ణ చిత్రాలతో విసిగిపోయి, బొగ్గుతో ముఖాలు గీయడానికి మళ్లాడు. వారాల తరబడి సాగే పని ఒక్క పూటలో, రెండు మూడు గంటల్లో తెమిలేది.

మనకు అంత దూరం పోవలసిన పని కూడా లేదు. కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం అనగానే నిండు ఎరుపు, పసుపు చీరలూ పెద్ద బొట్లూ కళ్ల ముందు నిలుస్తాయి. రంగుల్లోకి రాకముందు ఆయన తెలంగాణ ఆడవాళ్లను బొగ్గుతో గీశారు. ఆ నల్లని దేహాల నిబ్బరం ఆ తర్వాతి రంగుల బొమ్మల్లోనూ పోలేదు. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి' సినిమాకు కళాదర్శకుడిగా వైకుంఠానికి, దుస్తుల రూపకల్పనకు నల్లగొండ జిల్లా చిత్రకారుడు పిట్టంపల్లి సుదర్శన్‌కు జాతీయ అవార్డులు వచ్చాయి. చీరకట్టు ఎలా నిలుస్తుందో, దొర గడీ గోడ మీద నీడ ఎలా పడుతుందో మనుషులను చూసి గీసిన చేతులకు తెలుస్తుంది. ఆ చూపునే సినిమా వాడుకుంది.

సర్టిఫికెట్ కావాలనుకునే పిల్లలకు డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలున్నాయి. ఇంకా పైకి పోవాలంటే నిజాం కాలంలో 1940లో మొదలై, ఇప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో భాగమైన హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఉంది. వాటికి తయారవుతూనే జాతరకు కూడా పోవాలి. కురుమూర్తిలో ఉద్దాల (స్వామివారి పాదుకల) రోజు చిన్న నోట్‌బుక్కూ ఒక బొగ్గుపుల్లా జేబులో పెట్టుకొని ఒక మూల నిలబడితే, సాయంత్రానికి యాభై ముఖాలు దొరుకుతాయి. ఎవరూ నీకోసం ఆగరు. అర నిమిషంలో తల వంపు, ముక్కు, తలపాగ పట్టుకోవాలి. ఆ వేగం అలవడ్డాక ఇంట్లో ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చునే అవ్వ దొరకడం ఎంత భాగ్యమో అర్థమవుతుంది.

పూర్తయిన బొమ్మను అలాగే చుట్టిపెడితే పొడి రాలిపోతుంది. ఫిక్సేటివ్ స్ప్రే ఉంటే ఒక చెయ్యెడు దూరం నుంచి పలచగా రెండుసార్లు కొట్టాలి. పూర్వం వెన్న తీసిన పాలనే ఇలా వాడేవారు, వాన్‌గో కూడా తన బొమ్మల మీద పాలు పోసినట్టు ఉత్తరాల్లో రాసుకున్నాడు. ఏదీ లేకపోతే మీద పలచని బటర్ పేపర్ కప్పి, అట్టల మధ్య పరుపు కింద దాచినా ఏళ్లు ఉంటుంది. బొగ్గుకు రంగు వెలిసిపోయే గుణం లేదు. గుహల గోడల మీద మనిషి బొగ్గుతో గీసిన జంతువులు ముప్పై వేల ఏళ్ల తర్వాత కూడా నల్లగానే ఉన్నాయి.

బొమ్మలు రావని చెప్పే ప్రతి ఒక్కరినీ నేను అడిగేది ఇంతే. ఈ ఆదివారం పొద్దున మీ అవ్వనో, నాయననో అరుగు మీద కూర్చోబెట్టండి. "నా మొఖంల ఏముందిరా గీయనీకి" అంటారు, తప్పక అంటారు. అన్నా వదలకండి. ఇరవై నిమిషాలు చూసి గీయండి. పోలిక రాకపోతే మరుసటి ఆదివారం మళ్లీ కూర్చోబెట్టండి. బొమ్మ కింద తేదీ వేయండి. ఫలానావాళ్ల అమ్మ అని కాకుండా, ఆమె పేరు పూర్తిగా రాయండి.