పాత్రకు పనితనం: అద్భుత కథాక్రీడల్లో చేతివృత్తుల చిత్రణ

అద్భుత కథలో వీరుడికి కత్తి ఉంటుంది, మాంత్రికుడికి మంత్రదండం ఉంటుంది. ఆ కత్తిని కొలిమిలో కాల్చి సాగగొట్టిన కమ్మరికి కథలో దక్కిన చోటెంత అన్నది కథానిర్మాణానికి సంబంధించిన ప్రశ్న. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, తలకొక పాత్ర ధరించి, పాచికలు వేస్తూ మాటలతోనే కథ నడిపించే పాత్రధారణ క్రీడ ఈ ప్రశ్నకు నియమాల రూపంలో సమాధానం చెప్పింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ ప్రక్రియకు ఆద్యం. నిర్వాహకుడు సన్నివేశాన్ని వర్ణిస్తాడు. ఆటగాడు తన పాత్ర ఏం చేస్తుందో చెప్తాడు. ఫలితం సందిగ్ధమైతే పాచిక తేలుస్తుంది. పాత్ర సామర్థ్యాన్ని కావ్యం వర్ణనలో చెప్తే ఈ క్రీడ అంకెలో చెప్తుంది. చేతివృత్తి అంకెగా మారినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

2000లో వచ్చిన మూడో కూర్పు చేతిపనిని ప్రత్యేక నైపుణ్యంగా నిర్వచించింది. ఇరవై ముఖాల పాచికపై పడిన సంఖ్యకు పాత్ర నైపుణ్యాంకాన్ని కలుపుతారు. ఆ మొత్తం వస్తువుకు నిర్ణయించిన కష్టాంకాన్ని అందుకుంటే వారం పని ఫలించినట్టు. మొత్తాన్ని కష్టాంకంతో గుణిస్తే వచ్చేది ఆ వారం జరిగిన పని విలువ, వెండి నాణేల్లో. వస్తువు వెలలో మూడో వంతు ముడిసరుకుకు పోతుంది. అయిదు లేదా అంతకు మించిన తేడాతో తప్పితే సరుకులో సగం పాడైనట్టు. 2014 నాటి అయిదో కూర్పు దీన్ని మరింత సరళం చేసింది. ముడిసరుకుకు సగం వెల పెట్టాలి. రోజుకు అయిదు బంగారు నాణేల విలువైన పని సాగుతుంది. 1,500 నాణేల వెల గల లోహకవచం ఒక్క చేతి మీద తయారవడానికి ఈ లెక్కన 300 రోజులు పడుతుంది. అన్నాళ్లు సాహసయాత్ర ఆపుకునే వీరుడు ఉండడు కనుక ఆచరణలో చేతిపని కథకు వెలుపలే మిగులుతుంది.

ఈ రెండు పద్ధతులకూ ఆధారం ఒక్కటే: పనితనానికి కొలమానం వెల. కష్టాంకం పని కష్టాన్ని లెక్కలోకి తెచ్చినా, పని ఎప్పుడు పూర్తయిందో చివరకు చెప్పేది వస్తువు ధరే. అయిదో కూర్పు పదిహేడు రకాల వృత్తి పరికరాలను పట్టికగా ఇచ్చింది. ప్రతి దానికీ ధర, బరువు ఉన్నాయి. తెలుగు పాఠకుడికి పట్టికలు కొత్త కావు. అయ్యలరాజు నారాయణామాత్యుడి ‘హంసవింశతి’ వృత్తుల వారిని వారి పనిముట్ల పేర్లతో సహా ప్రవేశపెడుతుంది. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఈ కావ్యాన్ని ఆధారంగా వాడుకున్నది అందుకే. అయితే అక్కడి పనిముట్టు ఒక మనిషిని, ఒక ఇంటిని గుర్తు చేస్తుంది. నియమగ్రంథంలోని పనిముట్టు సంచిలో మోయవలసిన బరువును గుర్తు చేస్తుంది.

భారతీయ అద్భుత కథ ఉత్కంఠను మరో చోట నిలిపింది. పూర్ణభద్రుడు 1199లో కూర్చిన పంచతంత్రంలో ఒక సాలె, ఒక రథకారుడు మిత్రులు. రాకుమార్తెను చూసి మనసు పడిన సాలె కోసం రథకారుడు మరమీద ఎగిరే కొయ్య గరుత్మంతుణ్ణి చేసిస్తాడు. సాలె విష్ణువు వేషంలో అంతఃపురం చేరతాడు. దేవుడే అల్లుడయ్యాడని నమ్మిన రాజు పొరుగు రాజులతో వైరం తెచ్చుకుంటాడు. ఇప్పుడు ఆ సాలె యుద్ధానికి దిగక తప్పదు. తన పరువు కాపాడుకోవడానికి విష్ణువే అతనిలో ప్రవేశించి గెలిపిస్తాడు. ‘కథాసరిత్సాగరం’లో ప్రాణధరుడు, రాజ్యధరుడు అనే వడ్రంగి సోదరులది ఇలాంటి కథే. అన్న చేసిన యంత్రహంసలు రాజభాండాగారం నుంచి నగలు ఎత్తుకొస్తాయి. గుట్టు బయటపడేసరికి సోదరులిద్దరూ ఊరు విడిచి ఆకాశయంత్రాల్లో పారిపోతారు. ఈ రెండు కథల్లోనూ యంత్రం ఎగురుతుందా లేదా అన్నది సమస్యే కాదు. పనివాడి నేర్పును కథకుడు ముందే ఒప్పుకున్నాడు. వస్తువు పూర్తయ్యాకే చిక్కు మొదలవుతుంది: దాన్ని ఎవరు వాడారు, ఎవరు నమ్మారు, ఎవరు బదులు చెప్పాలి? క్రీడలో పాచిక పడి వస్తువు తయారవగానే ఉత్కంఠ ముగుస్తుంది. కథలో అక్కడే పుడుతుంది.

తెలుగు జానపద చలనచిత్రం ఈ వారసత్వాన్ని పూర్తిగా నిలుపుకోలేదు. కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో నాయకుడు తోటరాముడు. తోటపని అతని పేరులో ఉంది గాని అతని విజయంలో లేదు. మేడలు లేచేది ప్రతిమ మహిమతో. కట్టిన చేతులు కనబడవు. అద్భుత రసానికి శ్రమను మరుగుపరచడం సులువైన దారి. అంకెల్లో కుదించినా శ్రమకు నియమగ్రంథంలో ఒక పేజీ ఇచ్చిన క్రీడ ఆ మేరకు ఒక మెట్టు పైనే ఉంది.

అసలైన చిక్కు పుట్టుక దగ్గర వస్తుంది. మూడో కూర్పులో మరుగుజ్జు జాతి పాత్రకు రాయి, లోహం పనుల్లో రెండు అంకెలు పుట్టుకతోనే అదనం. అయిదో కూర్పులోనూ ఆ జాతికి కమ్మరి, తాపీ, సారా కాపు పరికరాల్లో ఒకదానిపై సహజ ప్రావీణ్యం దక్కింది. 2024 సవరణలో ఆ ఏర్పాటు పోయింది. పరికర ప్రావీణ్యం ఇప్పుడు పాత్ర పెరిగిన నేపథ్యం నుంచి వస్తుంది. పని నెత్తుటిలో ఉంటుందా, నేర్పులో ఉంటుందా అన్న వాదం తెలుగు సమాజానికి ఆటవిడుపు కాదు. విశ్వకర్మ పురాణం చెప్పే రుంజవారు, పద్మశాలీలకు భావనారుషి కథ చెప్పే కూనపులివారు కూడా వృత్తిని జన్మతో ముడిపెట్టారు. తామరతూటి నారతో దేవతలకు వస్త్రం నేసిన మూలపురుషుణ్ణి ఆ కథలు కీర్తిస్తాయి. కానీ అది సమాజం తక్కువగా చూసిన చేతిపనికి ఆ చేతులవారే కోరుకున్న గౌరవం. వినేవారు తమ కథగా విన్నది. నియమగ్రంథం ఇచ్చిన అదనపు అంకె ఆ జాతి తన గురించి చెప్పుకున్న మాట కాదు, బయటివారు అంటగట్టిన స్వభావం. రూపంలో ఒకటిగా కనిపించే ఈ రెంటినీ వేరు చేసేది వక్త స్థానమే.

క్రీడలో ఎవరైనా ఏ పనినైనా ఎంచుకోవచ్చు, ఆ స్వేచ్ఛే విముక్తి కదా అన్న అభ్యంతరానికి బలం ఉంది. కులవృత్తి బరువు మోసిన సమాజంలో అది చిన్న లాభం కాదు. అయినా ఎవరు నేర్పారు, ఎవరికి నేర్పనన్నారు అన్న ప్రశ్నలు లేని స్వేచ్ఛలో నేర్చుకోవడమన్న కథ మాయమవుతుంది. కులాన్ని అంకెగా రాస్తే అది ప్రకృతిగా స్థిరపడుతుంది. అసలు రాయకపోతే అబద్ధమవుతుంది.

పామూరు ప్రాంతాన్ని కథాస్థలంగా తీసుకుంటే ఈ మాట తేటపడుతుంది. ఆ ఊరికి పడమట భైరవకోనలో కొండరాతిని తొలిచిన ఎనిమిది శివాలయాలున్నాయి. తొలిచే పనిలో తప్పు పడిన ఉలిదెబ్బకు సగం సరుకు నష్టమన్న లెక్క వర్తించదు. కొండకు బదులు కొండ దొరకదు. దక్షిణాన ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కుతారు. అక్కడ అడవి, చెట్టు, చెక్కే చెయ్యి ఒకదాన్ని విడిచి ఒకటి లేవు. ఉత్తరాన మార్కాపురం పలకరాయి పొరలుగా విడుతుంది. పొర జాడ పట్టి ఉలి ఆనించడమే అక్కడి విద్య. పలక చౌక గనుక క్రీడ సూత్రం ప్రకారం అది చిటికెలో తేలిపోయే పని. కథ అడిగే ప్రశ్న వేరు: రాతిదుమ్ము పీల్చి పలక చేసినవాడి బిడ్డ ఆ పలక మీద అక్షరం దిద్దిందా?

ఆ ప్రశ్నకు పాచిక జవాబు చెప్పలేదు, కాని బల్ల చుట్టూ కూర్చున్నవారు చెప్పగలరు. పాత్ర పత్రంలో నైపుణ్యాంకం పక్కన గురువు పేరు, ముడిసరుకు వచ్చే చోటు, వస్తువు చేరే చెయ్యి అనే మూడు గళ్లు చేరిస్తే చాలు. పని పూర్తయిన చోట కథ మొదలవుతుంది. తెలుగులో ఇటువంటి క్రీడలు రాయబూనేవారికి పంచతంత్రపు రథకారుడు, కులపురాణ గాయకుడు ఇవ్వగల పాఠం ఇదే. విమర్శకు కూడా ఇది వర్తిస్తుంది: పాత్ర ఎంత నేర్పరి అని మాత్రమే కాక, ఆ నేర్పు అతణ్ణి ఎవరితో ముడివేసిందని అడిగినప్పుడే చేతిపనికి అద్భుత కథలో న్యాయం జరుగుతుంది.