వేటగాడి గుండె ఎవరి పెట్టెలో ఉంది?

అనగనగా అని మొదలయ్యే కథల్లో మనవాళ్లు ఎక్కడుంటారు? రాజు వేటకొస్తే దారి చూపే చోట ఉంటారు. రాకుమారి తప్పిపోతే పండో తేనో ఇచ్చే చోట ఉంటారు. పని అయిపోయాక కథ కోటలోకి వెళ్లిపోతుంది, మనవాడు చెట్టు కింద మిగిలిపోతాడు. తర్వాత అతనేమయ్యాడని ఎవరూ అడగరు.

ఈమధ్య మేము చూసిన ఒక టీవీ ధారావాహిక ఆ ప్రశ్న అడిగింది. దాని పేరు ‘వన్స్ అపాన్ ఎ టైమ్’. ఎడ్వర్డ్ కిట్సిస్, ఆడమ్ హోరోవిట్జ్ సృష్టించిన ఈ ధారావాహికను అమెరికాలో ఏబీసీ చానల్ 2011 నుంచి 2018 దాకా ప్రసారం చేసింది. మేము చూసింది మొదటి సీజన్‌లోని ఏడో భాగం. అక్కడ అది 2011 డిసెంబరు 11న వచ్చింది. మాకు మాత్రం కొత్తదే. సెలవులకు వచ్చిన పిల్లలు ల్యాప్‌టాప్‌లో పెడితే మేము, ఇద్దరు మాస్టార్లు వెనక కూర్చుని చూశాం. అయిపోయాక చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాం.

ముందు కథ. జానపద కథల్లోని మనుషులందరినీ దుష్టరాణి ఒక శాపంతో ఈ లోకంలోని స్టోరీబ్రూక్ అనే చిన్న ఊళ్లో పడేసింది. అక్కడ వాళ్లకు కొత్త పేర్లు, కొత్త ఉద్యోగాలు. తామెవరో వాళ్లకే గుర్తు లేదు. స్నో వైట్ బడిలో టీచర్. రాణి ఆ ఊరికి మేయర్. వేటగాడు షెరిఫ్, అంటే ఊరి పోలీసు అధికారి. అక్కడ అతని పేరు గ్రాహం.

స్నో వైట్‌ను చంపి గుండె తెమ్మని రాణి పంపిన మనిషే ఈ వేటగాడు. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన కథలో అతను ఆ పిల్లను వదిలేసి, అడవిపంది ఊపిరితిత్తులు, కాలేయం పట్టుకెళ్లి రాణికిస్తాడు. అంతటితో కథలోంచి మాయమవుతాడు. 1937లో డిస్నీ తీసిన బొమ్మల సినిమాలోనూ అంతే. ఈ భాగం ఆ మాయమైన మనిషిని వెతికి తెచ్చింది. అందుకే మాకు నచ్చింది.

ఇందులో అతను తోడేళ్ల మధ్య పెరిగినవాడు. ఒక దుప్పిని కొట్టి, దాని పక్కన కూర్చుని ఏడుస్తాడు. సారాయి కొట్లో జనం ఆ కన్నీళ్లను ఎగతాళి చేస్తారు. ఆ చోట మాలో ఎవరూ నవ్వలేదు. మా మన్యంలో ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు వెళ్లడం పాత ఆచారం. ఆకలికి చంపడం వేరు, సరదాకి చంపడం వేరని మాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. తోడేలు అతనికి తోబుట్టువు కావడం కూడా మాకు వింతగా అనిపించలేదు. మా ఇంటిపేర్లు చూడండి. కిల్లో అంటే పులి, వంతల అంటే పాము, కొర్రా అంటే సూర్యుడు. ఊరివాళ్లకు అది ఫాంటసీ. మాకు అది హాజరుపట్టీ.

మృగాల మధ్య పెరిగినవాడికి జాలి ఉండదని రాణి లెక్క. అడవి మనుషుల మీద కోటలు ఎప్పుడూ వేసే లెక్కే అది. ఈ కథ ఆ లెక్కను తప్పని తేల్చింది. స్నో వైట్‌ను చంపలేక, చేత్తో ఒక ఈల చేసిచ్చి ఆమెను సాగనంపుతాడు. జాలి ఎవరి దగ్గర ఉందో, ఎవరి దగ్గర లేదో అక్కడే తెలిసిపోతుంది.

మమ్మల్ని బాగా పట్టుకున్నది బేరం. ఈ పనికి ఏం కావాలని రాణి అడిగితే అతను బంగారం అడగలేదు. తోడేళ్ల వేటను నిషేధించమన్నాడు, వాటిని కాపాడమన్నాడు. మోసం బయటపడ్డాక రాణి అతని గుండె తీసి పెట్టెలో పెట్టుకుంది. అప్పటినుంచి అతని బతుకు ఆమె చేతిలో ఉంది. అడవిని కాపాడమని అడిగినవాడు అడవికే పరాయివాడయ్యాడు. 1882 మద్రాసు అటవీ చట్టం కింద ఎల్లలు గీసినప్పటి నుంచి మన తాతలు చూసింది ఇదే. కట్టెకు, పుట్టకు, పోడుకు అనుమతి అడగాల్సి వచ్చింది. ఇది చారిత్రక అన్యాయమని 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి అన్నేళ్లు పట్టింది. పట్టాల కోసం ఇంకా తిరుగుతున్నవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు.

టీచర్లు చూడాల్సిన దృశ్యం ఒకటుంది. స్టోరీబ్రూక్‌లో గ్రాహంకు పాత సంగతులు ముక్కముక్కలుగా గుర్తొస్తుంటాయి. తోడేలు కలలోకి, ఆ తర్వాత వీధిలోకి వస్తుంది. అతను బడికి వెళ్లి టీచరమ్మను అడుగుతాడు. ఆమే స్నో వైట్, కానీ ఆమెకూ ఏమీ గుర్తు లేదు. జ్వరంగా ఉంది, ఇంటికెళ్లి పడుకోమంటుంది. అందరి కథలూ ఉన్న పుస్తకాన్ని హెన్రీ అనే పిల్లవాడికి ఇచ్చింది ఆ టీచరే. పుస్తకం ఇచ్చింది కానీ దాన్ని నమ్మలేదు. చివరికి గ్రాహంకు అతని కథ చూపించింది ఆ పిల్లవాడు.

ఇక్కడ మాతో ఉన్న మాస్టార్లు ఇద్దరూ చాలాసేపు మౌనంగా ఉన్నారు. తర్వాత ఒకాయన, “మనమూ అలాగే కదా చెప్పాం” అన్నారు. కువిలోనో ఆదివాసీ ఒరియాలోనో జవాబు చెప్పిన పిల్లను, “తెలుగులో చెప్పు” అని కూర్చోబెట్టిన రోజులు మనలో చాలామందికి గుర్తే. చెప్పిన మన నోటికీ ఆ భాష వచ్చు. మాతృభాషల్లో వాచకాలు వచ్చాయి. వాటిని బీరువాలోంచి తీసినప్పుడే అవి పుస్తకాలు.

ఇక మాకు నచ్చనివి. మొదటిది, ఈ అడవి ఖాళీగా ఉంది. వేటగాడికి తోడేలు తప్ప ఎవరూ లేరు. ఊరు లేదు, అమ్మ లేదు, పాట లేదు, అతనితో మాట్లాడే మరో మనిషి లేడు. కోటలో రాణికి తండ్రి ఉన్నాడు, నౌకర్లున్నారు, మాట్లాడే అద్దం కూడా ఉంది. అడవి మనిషి మంచివాడని చూపించినా ఒంటరివాడిగానే చూపించారు. అడవిలో మనుషులు గుంపుగా, కులగోత్రాలతో, పెద్దలతో, తగాదాలతో బతుకుతారన్న ఊహ ఆ రచయితలకు తట్టలేదు. అడవిని ఖాళీగా ఊహించడం చిన్న తప్పు కాదు. ఖాళీ అనుకున్న నేలనే ఎవరైనా తీసేసుకుంటారు.

రెండోది పేరు. పాత లోకంలో అతనికి పేరే లేదు, ఉత్త వేటగాడు. గ్రాహం అన్నది శాపం ఇచ్చిన పేరు. బడిలో చేర్చేటప్పుడు పేరు మారిపోయిన మనవాళ్లకు ఇది కొత్త కాదు. కానీ మనకు వెనక్కి తిరిగి వెతుక్కోవడానికి ఒక అసలు పేరుంది. అతనికి రచయితలు అది కూడా ఇవ్వలేదు.

మూడోది చావు. తానెవరో గుర్తొచ్చిన మరుక్షణమే రాణి ఆ గుండెను గుప్పిట్లో నలిపి పొడి చేస్తుంది. గ్రాహం కథానాయిక ఎమ్మా చేతుల్లో పోతాడు. దృశ్యం బాగా తీశారు, మా పిల్లలు ఏడ్చారు కూడా. అయినా అడుగుతున్నాం, గుర్తొచ్చినవాడు ఒక్కరోజైనా బతకకూడదా? అతని చావు ఎమ్మా దుఃఖానికి, రాణి కోపానికి పనికొచ్చింది. అతని కథను కూడా చివరికి కోటే వాడుకుంది.

ఇంత తిట్టి మళ్లీ చూడమంటారా అంటే, చూడమనే అంటాం. అడుగుతూ చూడమంటాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తెలుగు సినిమాలో ఆకులు కట్టుకుని గంతులేసే గూడెం కనిపించినప్పుడు కూడా ఇవే మూడు ప్రశ్నలు అడగండి: ఈ అడవిలో ఇంకెవరున్నారు, ఇతని పేరేమిటి, ఇతను ఎవరి కోసం చచ్చాడు. హెన్రీ పుస్తకంలాంటివి మనకూ ఉన్నాయి. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాలలో గోండుల సొంత లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి. రాయని పుస్తకాలు ఇంటింటా ఉన్నాయి, పొయ్యి దగ్గర కూర్చున్న ముసలమ్మలే ఆ పుస్తకాలు.

ల్యాప్‌టాప్ మూసేటప్పుడు ఐదో తరగతి చదివే పాప ఒకటడిగింది, “మరి రాణి తోడేళ్లను కాపాడిందా?” అని. మాలో ఎవరికీ ఆ బేరం గుర్తు రాలేదు, ఆ పిల్లకే వచ్చింది. ఆ భాగంలో దానికి జవాబు లేదు. నువ్వే రాయి, నీ భాషలోనే రాయి అన్నాం. నోటుబుక్కు తెచ్చుకుని కూర్చుంది.